రాత్రిపూట పెరిగే ఈల: ఒక కారు ఆడియో కేసు

మేష్టారి కారు మా షెడ్డుకి వచ్చేసరికి దాని స్పీకర్లలో వచ్చే ఈలని అప్పటికే మూడు చోట్ల చూపించారు. ఒకరు ఆంప్లిఫయర్ పవర్ వైరు మధ్యలో నాయిస్ ఫిల్టర్ పెట్టారు. రెండోవారు ఆర్‌సీఏ వైర్లకి, అంటే స్టీరియో సెట్టు నుంచి ఆంప్లిఫయర్‌కి పాట మోసే వైర్లకి, ఐసొలేటర్ తగిలించారు. మూడోవారు పరికరాలేవీ ముట్టుకోకుండానే డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) మార్చాలన్నారు. కొత్తది వేయడానికి చెప్పిన ఖర్చు విని మేష్టారు బండి వెనక్కి తెచ్చేసుకున్నారు.

మా షెడ్డు ముషీరాబాద్‌లో. కారు ఆడియో, వైరింగ్ పని 19 ఏళ్లుగా చేస్తున్నాను. మేష్టారిది నల్లకుంట. సంగీతం చెప్పి రిటైరయ్యారు. సాయంత్రాలు చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో, రవీంద్ర భారతికో కచేరీలకి వెళ్తారు. రాత్రి తిరిగొచ్చేటప్పుడు కారులో చాలా తక్కువ వాల్యూమ్‌లో పాత రికార్డింగులు పెట్టుకుంటారు. నాకు వచ్చే కస్టమర్లలో ఎక్కువమంది బాస్ ఎంత గట్టిగా కొడుతుందో చూస్తారు. ఈయన పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం వినే మనిషి. ఇలాంటి చెవి ముందు పని చేయడం నాకు ఇష్టం.

ఆయన చెప్పిన ఫిర్యాదు ఇది: "బాబూ, ఇంజన్ స్టార్ట్ చేయగానే సన్నగా ఒక ఈల మొదలవుతుంది. ఎక్సిలేటర్ తొక్కితే పైస్థాయికి పోతుంది, కాలు తీస్తే దిగుతుంది. పగలు ఏదోలా సర్దుకుంటాను గానీ, రాత్రి మాత్రం తంబూర వినలేకపోతున్నాను."

జాబ్ కార్డు మీద నేను రాసుకున్నది: 'ఇంజన్ ఈల, ఆర్‌పీఎమ్‌తో పెరుగుతుంది.' ఆర్‌పీఎమ్ అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు. రాత్రి అన్న మాట రాసుకోలేదు. బండి రెండోసారి నా దగ్గరికి రావడానికి అదే కారణం.

బండి పదేళ్లు దాటిన డీజిల్ సెడాన్. డ్యాష్‌బోర్డులో బయట కొన్న ఆండ్రాయిడ్ సెట్టు. డిక్కీలో నాలుగు ఛానెళ్ల ఆంప్లిఫయర్. అందులో రెండు ఛానెళ్లు ముందు డోర్ల స్పీకర్లకి, మిగతా రెండూ కలిపి పదంగుళాల సబ్‌వూఫర్‌కి. సెట్టు నుంచి డిక్కీ దాకా అయిదు మీటర్ల ఆర్‌సీఏ వైర్లు. వెనక రివర్స్ కెమెరా, అద్దానికి డ్యాష్‌క్యామ్. డీజిల్ కావడం ఒక రకంగా పని తగ్గించింది. స్పార్క్ ప్లగ్గులు ఉండవు కాబట్టి ఇగ్నిషన్ నుంచి వచ్చే టిక్ టిక్ శబ్దం గురించి ఆలోచించనక్కర్లేదు.

మొదట చేసిన పని, వాళ్లు పెట్టిన ఫిల్టర్, ఐసొలేటర్ రెండూ పీకేయడం. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఆశ్చర్యపోయాడు. "అన్నా, గవి తీస్తే ఇంకా ఎక్కువ అయితది గదా?" అన్నాడు. అవును, ఎక్కువే అవ్వాలి. జ్వరం మాత్ర వేసుకొచ్చిన మనిషికి జ్వరం ఎంతుందో ఎలా తెలుస్తుంది? ఐసొలేటర్ అంటే లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మరే. చవకరకం వాటిలో కోర్ చిన్నది కాబట్టి కింది స్వరాలు పలచబడతాయి. కాస్త పెద్ద సిగ్నల్ వస్తే కోర్ నిండిపోయి శబ్దం బొంగురుపోతుంది. మృదంగం ఎడమవైపు నాదం తేలిపోయిందని మేష్టారు చెప్పింది అందుకే. అది తీయగానే ఈల రెట్టింపయింది, మృదంగం మాత్రం తిరిగొచ్చింది.

తర్వాత చెవితో చేసే పరీక్ష. ఇంజన్ ఆఫ్‌లో, కీ ఆన్‌లో పెడితే స్పీకర్లలో సన్నటి బుస తప్ప ఏమీ లేదు. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఈల. సెట్టు వాల్యూమ్ సున్నాకి తెచ్చినా ఈల అంతే ఉంది, పెంచినా అంతే. ఈ ఒక్క గమనికతో సగం బండి పక్కకి తప్పుకుంటుంది. వాల్యూమ్‌తో పాటు నాయిస్ పెరుగుతుంటే అది వాల్యూమ్ కంట్రోల్‌కి ముందు, అంటే ఫోన్ వైరులోనో, ఛార్జర్‌లోనో పుట్టినట్టు. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి ఆక్స్ వైరుతో పాట పెడితే వచ్చే గోల ఈ రకం. వాల్యూమ్‌కి సంబంధం లేకుండా ఉంటే సెట్టు అవుట్‌పుట్ తర్వాత ఎక్కడో చొరబడుతోంది.

ఇక డైనమో. మేష్టారు 'పైస్థాయి' అన్నారు చూడండి, ఆ మాటలో లెక్కంతా ఉంది. ఇంజన్ 800 ఆర్‌పీఎమ్ నుంచి 1600కి వెళ్తే ఈల సరిగ్గా ఒక స్థాయి పైకి, అంటే రెట్టింపు హెర్ట్జ్‌కి పోతుంది, ఎందుకంటే ఇంజన్, డైనమో రెండూ బెల్టుతో కట్టేసి ఉన్నాయి. ఈ బండిలో ఇంజన్ వైపు క్రాంక్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, డైనమో పుల్లీ 55. నిష్పత్తి సుమారు 2.7. ఇంజన్ 800 తిరిగితే డైనమో దాదాపు 2180 తిరుగుతుంది, అంటే సెకనుకి 36 చుట్లు. చాలా కార్ల డైనమో రోటర్లో 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు), అంటే ఆరు జతలు. సెకనుకి 36 చుట్లు, ఆరు జతలు కలిస్తే సుమారు 218 హెర్ట్జ్ కరెంటు. మూడు ఫేజుల్ని ఆరు డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) డీసీగా మార్చేటప్పుడు ఒక్కో సైకిల్‌కి ఆరు అలలు మిగులుతాయి. 218 ఇంటూ ఆరు, దాదాపు 1300 హెర్ట్జ్. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ తెరిచి స్పీకర్ దగ్గర పెడితే గీత 1300 దగ్గరే లేచింది.

శబ్దం డైనమోదే, అందులో అనుమానం లేదు. అయితే డైనమో చెడిపోయిందని దానర్థం కాదు. మంచి డైనమోలో కూడా ఆ ఆరు అలలు ఉంటాయి. బ్యాటరీ వాటిని చాలావరకు మింగేస్తుంది. ఒక డయోడ్ పోతే అలల వరస విరిగి, 1300తో పాటు 218 దగ్గర కూడా బలమైన గీత కనిపించాలి, బొంయ్‌మనే కింది శబ్దం కలవాలి. ఇక్కడ అది లేదు. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ మీద ఇంజన్ ఆఫ్‌లో 12.5 వోల్టులు, ఆన్‌లో 14.1. ఆ అలలు ఎంతున్నాయో చూడటానికి మీటర్‌ని ఏసీ మిల్లీవోల్టుల్లో పెడితే ఐడిల్‌లో 35, లైట్లు, బ్లోయర్ అన్నీ వేస్తే 55. ఆ స్థాయిలో ఉన్నదాన్ని నేను మార్చను. వందలు దాటితే అప్పుడు డయోడ్ల వైపు చూస్తాను. డైనమో మార్చమన్నవారు ఈ కొలత తీసుకుని ఉంటే ఆ మాట అనేవారు కాదు. డైనమో పాడే పాట స్పీకర్ దాకా ఏ దారిన వస్తోందన్నదే అసలు ప్రశ్న.

దారి వెతకడానికి నా దగ్గరున్న మంచి పనిముట్టు పది రూపాయల ఆర్‌సీఏ ప్లగ్గు. దాని మధ్య పిన్నునీ, బయటి రింగునీ లోపల కలిపి సోల్డర్ చేసి పెట్టుకున్నాను. ఇలాంటివి నాలుగు ఎప్పుడూ నా డబ్బాలో ఉంటాయి. ఆంప్లిఫయర్‌కి వచ్చే ఆర్‌సీఏ వైర్లు పీకి, ఆ రంధ్రాల్లో ఈ ప్లగ్గులు పెడతాను. ఇప్పుడు ఆంప్ ఇన్‌పుట్‌లో సిగ్నల్ సున్నా. ఇంకా ఈల వినిపిస్తే తప్పు ఆంప్‌లోనో దాని పవర్‌లోనో ఉంది. ఆగిపోతే ఈల ఆర్‌సీఏ వైరు వెంట వస్తోంది.

ఆగిపోయింది. డోర్ స్పీకర్‌కి చెవి ఆనించి విన్నా బుస తప్ప ఏమీ లేదు. పవర్ వైరు మీద పెట్టిన ఆ మొదటి ఫిల్టర్ ఎందుకు పనిచేయలేదో అక్కడితో తేలింది. ఈల పవర్ వైరు దారిన రావడమే లేదు.

ఆర్‌సీఏ వెంట వచ్చే ఈలకి నూటికి తొంభై పాళ్లు కారణం ఎర్త్ తేడా అని నా అనుభవం. ఎర్త్ అంటే కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. సెట్టు ముందు ఒక చోట బాడీకి కలుస్తుంది, ఆంప్ వెనక ఇంకోచోట. బాడీ అంతా ఒకే ఇనుమే కదా అనుకుంటాం. కానీ అందులో కరెంటు పారుతున్నంతసేపూ ముందుకీ వెనక్కీ మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. ఆ తేడా సర్దుకోవడానికి ఆర్‌సీఏ వైరు పైఅల్లిక, అంటే షీల్డు, ఒక అడ్డదారి. షీల్డు గుండా పారిన కరెంటుని ఆంప్ పాటతో కలిపి వింటుంది. దానికి ఏది పాటో, ఏది గోలో తెలియదు.

ఆంప్ ఎర్త్ చూశాను. బ్యాటరీ నెగటివ్‌కీ ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య మీటర్ పెట్టి, బాస్ గట్టిగా ఉన్న పాట వేస్తే 0.26 వోల్టుల దాకా ఊగింది. 0.1 దాటితే నేను ఒప్పుకోను. ఇది లోడ్ మీదే, అంటే కరెంటు గట్టిగా పారుతున్నప్పుడే కొలవాలి. చాలామంది మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, బీప్ రాగానే ఎర్త్ బాగుందంటారు. ఇక్కడ వెతుకుతున్నది పది మిల్లీఓమ్‌ల తప్పు. మీటర్ ప్రోబుల సొంత రెసిస్టెన్సే అంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది.

ఎర్త్ వైరు వెనక సీటు కిందికి పోయి సీటు బెల్టు బోల్టు కింద బిగించి ఉంది, అదీ పెయింట్ మీదే. ఇది చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ బోల్టు ప్రమాదంలో ఒక మనిషి బరువు ఆపడానికి ఉంది. దాన్ని విప్పి, కింద లగ్గు (వైరు చివరి రింగు) పెట్టి, అందాజుగా మళ్లీ బిగించడం ఎవరికీ తగదు. వైరు కూడా రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. గీకితే తెల్లగా కనిపించింది. అదే మందంలో అసలు రాగితో పోలిస్తే అది కరెంటుని సుమారు మూడింట రెండొంతులే మోస్తుంది.

బెల్టు బోల్టు తీసి దాని మరలు శుభ్రం చేసి, కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్కుకి బిగించాను. ఆంప్‌కి వేరే చోటు చూశాను. డిక్కీ పక్క చట్రంలో ఒక వెల్డ్ నట్టు ఉంది. చుట్టూ రూపాయి బిళ్లంత పెయింట్ గీకి, మెరిసే ఇనుము కనిపించాక, అసలు రాగి వైరుకి లగ్గు క్రింప్ చేసి, పళ్ల వాషర్‌తో బిగించి, పైన గ్రీజు రాశాను. వైరు పొడవు అడుగున్నర. మళ్లీ అదే పాట వేస్తే 0.04 వోల్టులు.

ఆంప్ గెయిన్ కూడా చూశాను. పూర్తిగా తిప్పి ఉంది. సెట్టు 2 వోల్టుల సిగ్నల్ ఇస్తుంటే, ఆంప్ 0.2 వోల్టులకే పూర్తి పవర్ ఇచ్చేలా పెట్టారు. అంటే అవసరానికి పది రెట్లు ఎక్కువ. దారిలో చేరిన ప్రతి చెత్తా పది రెట్లు పెద్దదవుతుంది. చాలామంది గెయిన్‌ని వాల్యూమ్ అనుకుంటారు. అది సెట్టు ఎంత ఇస్తుందో దానికి ఆంప్‌ని సరిపెట్టే స్క్రూ, అంతే. అయితే ఆ రోజు గెయిన్ వెంటనే తగ్గించలేదు. తగ్గిస్తే ఈల వినపడక దారి దొరకదు.

ఎర్త్ మార్చాక ఈల బాగా తగ్గింది. మిగిలినదాని కోసం ఆర్‌సీఏ వైర్లు చూశాను. పవర్ వైరుతో పాటు ఒకే కట్టలో టేపు చుట్టి ఉన్నాయి. వాటిని విడదీసి పవర్ ఎడమ వైపు, ఆర్‌సీఏ కుడి వైపు నడిపించాను. కాస్త తేడా వచ్చింది, పెద్దగా కాదు. చివర్లో గెయిన్ సరిచేశాను. మధ్యాహ్నం మూడు గంటలకి, ఎండలో, షెడ్డు బయట ఇంజన్ రేజ్ చేసి విన్నాను. దాదాపు ఏమీ లేదు. మేష్టారు కూడా విని తల ఊపారు. బండి ఇచ్చేశాను.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "పగలు చక్కగా ఉంది బాబూ. రాత్రి మళ్లీ పాడుతోంది. మునుపంత కాదు, కానీ ఉంది."

ఆ మాట వినగానే మొదటి రోజు ఆయన అన్నది గుర్తొచ్చింది. ఆయన కారణం చేతికే ఇచ్చారు, నేను అందుకోలేదు. "మేష్టారూ, ఈసారి పగలు రావద్దండి. ఏడు దాటాక రండి" అన్నాను.

రాత్రికీ పగటికీ కారులో తేడా ఏమిటి? లైట్లు. లైట్లు వేస్తే డైనమో మీద బరువు పెరుగుతుంది, అలలు పెరుగుతాయి, ఈల పెరుగుతుంది. ఎవరైనా చెప్పే సమాధానం ఇదే, నాకూ మొదట తట్టింది ఇదే. దీన్ని సరిచూడటం తేలిక. అన్ని లైట్లూ ఆర్పి, బ్లోయర్ ఫుల్, ఏసీ ఆన్, వెనక అద్దం డీఫాగర్ ఆన్ చేశాను. డైనమో మీద లైట్ల కంటే పెద్ద బరువే. ఈల పెరగలేదు. అవన్నీ ఆపి పార్కింగ్ లైట్లు మాత్రం వేశాను. చిన్న చిన్న 5 వాట్ల బల్బులు, అన్నీ కలిపినా డైనమోకి లెక్కలోకి రావు. ఈల పెరిగింది.

కుర్రాడు స్విచ్ వేస్తూ ఆర్పుతూ నిలబడ్డాడు, నేను స్పీకర్ దగ్గర. వేస్తే పైకి, ఆర్పితే కిందికి. తర్వాత "బ్రేక్ తొక్కు" అన్నాను. స్పీకర్లో 'ఠప్' అని ఒక దెబ్బ, ఆ వెంటనే ఈల ఇంకా గట్టిగా. వదిలితే మళ్లీ 'ఠప్'.

మేష్టారు వెనక సీట్లో కూర్చుని వింటున్నారు. "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎక్కువగా వినిపించేది. బండి ఆగింది కాబట్టి నిశ్శబ్దంలో తెలుస్తోంది అనుకున్నాను" అన్నారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సిగ్నల్‌లో నిమిషంన్నర బ్రేక్ మీద కాలు పెట్టి ఉంటే, ఆ నిమిషంన్నరా ఈల ఆయనకి తోడు.

పార్కింగ్ లైటు, బ్రేక్ లైటు. హెడ్‌లైటు వేసినా పార్కింగ్‌కి మించి మార్పు లేదు. అంటే తేడా వెనక దీపాల దగ్గర. డిక్కీ ఎడమ పక్క అట్ట తీశాను. ఈ బండిలో వెనక దీపాలు, నంబర్ ప్లేట్ లైటు, పైన మూడో బ్రేక్ లైటు అన్నింటి ఎర్త్ ఒకే బోల్టుకి వస్తుంది. ఆ బోల్టు తల కాఫీ రంగులో పొరలు పొరలుగా లేచి ఉంది. లగ్గుకీ ఖాళీ బాడీకీ మధ్య కొలిస్తే పార్కింగ్ లైట్లతో 0.11 వోల్టులు, బ్రేక్ తొక్కితే 0.42. దీపాలు కాస్త మందంగానే వెలుగుతున్నాయి గానీ ఎవరూ గమనించలేదు.

తుప్పు దొరికింది. శుభ్రం చేసి ఇచ్చేస్తే ఈల చాలావరకు పోయేది. కానీ నాకు ఒక ప్రశ్న మిగిలింది. బ్రేక్ లైటు ఎర్త్ చెడితే బ్రేక్ లైటు మందగించాలి. అది స్పీకర్లోకి ఎలా వచ్చింది? ఆ దీపాల వైరుకీ, ఆడియోకీ ఎక్కడా బంధుత్వం లేదే! ఉంటే ఎక్కడో చుట్టరికం కలిపినవాళ్లున్నారు. అది తెలియకుండా వదిలేస్తే మరో వానాకాలానికి ఇదే కథ. అందుకే బోల్టుని ఆ రాత్రి ముట్టుకోలేదు. తప్పు బతికుండగానే దారి పట్టుకోవాలి.

సెట్టుని డ్యాష్‌బోర్డు నుంచి బయటికి లాగి, ఇనుముకి తగలకుండా తువ్వాలు మీద పెట్టాను. ముందుగా ఆర్‌సీఏ బయటి రింగుకీ సెట్టు బాడీకీ మధ్య రెసిస్టెన్స్ చూశాను. కొన్ని సెట్లలో అక్కడ బియ్యపు గింజంత ఫ్యూజు ఉంటుంది. కరెంటు ఉండగా ఆర్‌సీఏ పీకి పెట్టినప్పుడు అది కాలిపోయి, తర్వాత జీవితాంతం ఈల వేస్తుంది. ఇక్కడ ఒక ఓమ్ కంటే తక్కువ, బాగానే ఉంది.

తర్వాత సెట్టు పవర్, ఎర్త్ రెండూ కారు నుంచి విడదీసి, యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీతో విడిగా నడిపాను. ఇప్పుడు సెట్టుకి కారు బాడీతో ఎర్త్ బంధం ఆంప్ వైపు నుంచి ఆర్‌సీఏ ద్వారా మాత్రమే ఉండాలి. అలాగైతే కరెంటు తిరిగే చుట్టు తెగిపోయి ఈల ఆగాలి.

ఆగలేదు. ముందుకంటే పెరిగింది.

ఈ పనిలో నాకు ఎప్పటికీ గుర్తుండే క్షణాల్లో ఇదొకటి. ఆగాల్సింది పెరిగిందంటే సెట్టుకి నాకు తెలియని ఇంకో ఎర్త్ దారి ఉంది. ఇన్నాళ్లూ ఆ దారిన వచ్చిన కరెంటులో ఎక్కువ భాగం సెట్టు సొంత ఎర్త్ వైరులోకి దిగిపోయేది. ఆ వైరు నేను తీసేశాక మొత్తం ఆర్‌సీఏ షీల్డు మీద పడింది. సెట్టు వెనక ఇంకా తగిలి ఉన్నవి మూడు: రేడియో యాంటెన్నా, యూఎస్‌బీ, రివర్స్ కెమెరా పసుపు ప్లగ్గు. యాంటెన్నా పీకాను, మార్పు లేదు. యూఎస్‌బీ పీకాను, లేదు. పసుపు ప్లగ్గు పీకాను.

నిశ్శబ్దం. కుర్రాడు బ్రేక్ తొక్కాడు. నిశ్శబ్దమే. "అన్నా, బండి బంద్ అయిందా?" అన్నాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

జరిగింది ఇది. కెమెరా బిగించినవారు దాని నలుపు వైరుని దగ్గర్లో ఉందని టెయిల్ లైటు ఎర్త్ వైరుకి మెలిపెట్టి టేపు చుట్టారు. కెమెరా లోపల ఆ నలుపు వైరు, వీడియో వైరు షీల్డు ఒకటే. కెమెరాకి పవర్ ఉన్నా లేకపోయినా, రివర్స్ గేరు వేసినా వేయకపోయినా ఆ బంధం ఎప్పుడూ ఉంటుంది. కెమెరా వైరు లోపలికి తేవడానికి దీపం పక్క రబ్బరు గ్రోమెట్‌ని (వైరు దూరే రంధ్రానికి నీళ్లు రాకుండా ఉండే రబ్బరు ముక్కని) కోశారు, మళ్లీ మూయలేదు. వానలకి ఆ కోతలోంచి నీళ్లు కారి కిందనే ఉన్న ఎర్త్ బోల్టు మీద పడ్డాయి. బోల్టు తుప్పు పట్టేకొద్దీ దీపాల కరెంటు బాడీలోకి దిగడానికి దారి ఇరుకైంది. అప్పుడు అది మెలిపెట్టిన నలుపు వైరు పట్టుకుని, కెమెరా దాటి, వీడియో షీల్డు వెంట డ్యాష్‌బోర్డు దాకా నడిచి, సెట్టులోకి, అక్కడి నుంచి కొంత ఆర్‌సీఏ షీల్డులోకి పోయింది. మీటర్‌ని 10 ఆంపియర్ రేంజ్‌లో పెట్టి ఆ షీల్డు మధ్యలో కలిపితే బ్రేక్ తొక్కినప్పుడు 0.6 ఆంపియర్ చూపించింది. సన్నటి వీడియో వైరులో బ్రేక్ లైటు కరెంటు! అందులో డైనమో అలలు ఉంటాయి కాబట్టి ఈల. కరెంటు ఒక్కసారిగా మొదలై ఆగుతుంది కాబట్టి 'ఠప్'.

ఇంత అయ్యాక మొదటి రోజు నేను చేసింది కూడా అర్థమైంది. ఆంప్ ఎర్త్ బాగుచేయడం అవసరమే, కానీ అది వేరే జబ్బు. పగటి ఈల దానిది, రాత్రి ఈల కెమెరాది. రెండూ ఒకే స్వరంలో పలుకుతాయి కాబట్టి చెవికి ఒకటే అనిపించాయి. ఒక తప్పు దొరికి శబ్దం తగ్గగానే పని అయిపోయిందనుకున్నాను. తగ్గడం వేరు, పోవడం వేరు.

మరమ్మతు మర్నాడు పొద్దున చేశాం. తుప్పు బోల్టు తీసి, ఇనుము కనిపించేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త బోల్టు, కొత్త లగ్గు, పైన గ్రీజు. కోసిన గ్రోమెట్ మార్చాను. కొత్త రబ్బరు ముక్క రాణిగంజ్‌లో దొరికింది. కెమెరా నలుపు వైరుని టెయిల్ లైటు నుంచి విడదీశాను. ముందు నుంచి రెండు కోర్ల వైరు లాగి, కెమెరాకి పవర్ సెట్టు దగ్గర 1 ఆంపియర్ ఫ్యూజు దాటి, ఎర్త్ సరిగ్గా సెట్టు ఎర్త్ ఉన్న చోటే ఇచ్చాను. రివర్స్ లైటు వైరుని సెట్టుకి సూచనగా మాత్రమే ఉంచాను. ఆడియో, వీడియో వైరు ఏది సెట్టులోకి వచ్చినా దాని ఎర్త్ సెట్టు ఎర్త్ దగ్గరే కలవాలి. నేను పాటించే నియమం ఇది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నలుపు వైరు తీసేశాక కూడా వీడియో షీల్డుకీ బాడీకీ మధ్య మీటర్ బీప్ అంది. కెమెరా రేకు కవచం లోపల ఎర్త్‌కి కలిసి ఉంది, ఆ కవచం నంబర్ ప్లేటు పైన ఇనుప స్క్రూలతో డిక్కీ తలుపుకి తగులుతోంది. వైరు సంబంధం తెంచితే స్క్రూ సంబంధం మిగిలింది. నైలాన్ స్క్రూలు, వెనక పల్చటి రబ్బరు షీటు పెట్టాక బీప్ ఆగింది. ఇది చూడకుండా బిగించేసి ఉంటే డిక్కీ తలుపు కీలు తుప్పు పట్టిన రోజున మళ్లీ ఈల మొదలయ్యేది.

గెయిన్ మళ్లీ సరిచూశాను. ఫిల్టర్, ఐసొలేటర్ రెండూ మేష్టారి చేతికి కవరులో పెట్టి ఇచ్చాను, ఆయన డబ్బు పెట్టి కొన్నవి కదా. నా కూలీ మొదటి రోజుకి తీసుకున్నదే. రెండోసారి పనికి తీసుకోలేదు. ఆయన మొదటి రోజే చెప్పిన మాటని నేను వినకపోవడం వల్ల పడిన పని అది.

కొత్త బళ్లలో ఇలాంటి పని చేసేవాళ్లకి ఒక సంగతి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉన్న బళ్లలో ఆంప్ ఎర్త్‌ని నేరుగా ఆ టెర్మినల్‌కి బిగించకండి. సెన్సార్‌కి బాడీ వైపున ఉన్న చోట బిగించాలి. లేకపోతే ఆంప్ తాగే కరెంటు సెన్సార్ లెక్కలోకి రాదు, డైనమో ఎంత ఛార్జ్ చేయాలో బండికి తప్పుగా తెలుస్తుంది. ఎర్త్ బాగుచేస్తున్నాననుకుని ఇంకో తప్పు తెచ్చుకున్నవాళ్లని చూశాను.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక మేష్టారిని పక్కన కూర్చోబెట్టుకుని చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా వెళ్లాం. లైట్లు ఆన్, వైపర్ ఆన్, ఏసీ ఆన్. ఆయన తంబూర మాత్రమే ఉన్న రికార్డింగు పెట్టారు. దాని మీద ఏ చిన్న స్వరం పడినా ఆయనకి తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి పట్టాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. పచ్చలైటు పడ్డాక, "నడపండి" అన్నారు.

అప్పటి నుంచి జాబ్ కార్డులో ఒక గడి పెంచాం: 'ఎప్పుడు ఎక్కువ?' కస్టమర్ చెప్పింది చెప్పినట్టు, ఆయన మాటల్లోనే కుర్రాడు రాస్తాడు. రివర్స్ కెమెరా బయట బిగించిన బండి ఈల ఫిర్యాదుతో వస్తే ముందు పసుపు ప్లగ్గు పీకి వింటాం. అర నిమిషం పని.

వానలు తగ్గాక అక్టోబరులో మేష్టారు టైర్ల పనికి ఇటు వచ్చి షెడ్డు దగ్గర ఆగారు. డిక్కీ పక్క అట్ట తీసి అదే బోల్టు దగ్గర మళ్లీ కొలిచాను. అన్ని దీపాలూ వేసి బ్రేక్ తొక్కితే 0.02 వోల్టులు. గ్రోమెట్ కింద పొడిగా ఉంది.